నాలుగు గాట్లు

కొత్త గిటార్ కొన్నవాడు ఎవడైనా ముందు మీటి చూస్తాడు. ఓడెల్ మాత్రం అట్టపెట్టె విప్పగానే కళ్ళద్దాలు తుడుచుకుని, దాన్ని ఒళ్ళో బోర్లా వేసుకుని, వీపు తడమడం మొదలెట్టాడు.

ఫ్యాక్టరీ నుంచి అప్పుడే దిగిన సరుకు. చూస్తే మాత్రం నలభై ఏళ్ళు తాగుబోతు చేతిలో నలిగినట్టుంది. రంగు పెచ్చులూడింది. వెనక బెల్టు బిళ్ళ రాసుకున్న గీతలు. తల దగ్గర సిగరెట్టు కాలిన మచ్చ. అన్నీ కావాలని చేసినవే! డెల్మర్ టాగర్ట్ అనే గొప్ప వాయిద్యగాడు పోయాక, ఆయన ఎలక్ట్రిక్ గిటార్‌ని దెబ్బకి దెబ్బ, గీతకి గీత దింపి అమ్ముతోంది కంపెనీ. ఈ మెంఫిస్ ఊళ్ళో పిచ్చాళ్ళకేం తక్కువ? ఎగబడి కొంటున్నారు.

అసలుది మ్యూజియంలో అద్దాల వెనక ఉంది. కిందటేడు ఓడెల్ వెళ్ళి ఆ అద్దానికి ముక్కు ఆనించి నిలబడితే, కాపలావాడు రెండుసార్లు అదిలించి, మూడోసారి రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు.

"వచ్చిందా?" వంటింట్లోంచి ఎర్లీన్ అడిగింది. బెండకాయలు తరుగుతోంది.

"వచ్చింది. ఇలా వచ్చి చూడు."

"నేను రాను. ముందు నువ్వు చూసుకో. అచ్చంగా అసలుదానిలాగే ఉందని తేలితేనే నన్ను పిలువు. లేదా, పెట్టెతో సహా వెనక్కి పంపెయ్. నా కంట పడనీయకు."

కత్తి చప్పుడు జోరెక్కింది. యాభై రెండేళ్ళ కాపురం. ఆ చప్పుడుకి అర్థం ఓడెల్‌కి తెలుసు.

ఇంతలో పక్కింటి థర్మన్ తలుపు తోసుకుని వచ్చేశాడు. టాగర్ట్ అంటే చెవి కోసుకునే రకం.

"ఓడెలన్నా! నువ్వూ మా బాపతేనా? పదేళ్ళ నుంచి చూస్తున్నాను, ఆయన పాట ఒక్కటి విన్న పాపాన పోలేదు నువ్వు. ఇప్పుడేంటి, ముసలితనంలో ముచ్చటా?"

"ఊఁ."

"దీన్ని టాగర్ట్ కుర్రతనంలో ఎవడో అనామకుడి దగ్గర కొన్నాడట తెలుసా? పాపం, ఏం పోగొట్టుకున్నాడో ఆ వెధవకి తెలిసి ఉండదు."

"తెలిసే ఉంటుందిలే," అన్నాడు ఓడెల్.

అతని వేళ్ళు కింది అంచు మీదికొచ్చి ఆగాయి. అక్కడ చెక్కలోకి దిగిన చిన్న చిన్న గాట్లు.

"ఆఁ, అవే! మహా ఫేమస్ అవి," థర్మన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "క్లబ్బులో గొడవై ఎవడో పగిలిన సీసాతో మీదికొస్తే, మనవాడు గిటార్ అడ్డం పెట్టాడు. పెట్టెలో వచ్చిన పుస్తకంలో రాసుంటుంది చూడు."

"సీసా కాదు."

"నువ్వు చూసొచ్చావా?"

ఓడెల్ ఆ అంచుని దగ్గరికి తిప్పుకున్నాడు. బొటనవేలితో ఒక్కొక్కటే తడిమాడు. ఒకటి, రెండు, మూడు... నాలుగు. మళ్ళీ తడిమాడు. మళ్ళీ నాలుగే.

"మూడే ఉండాలి," అన్నాడు.

"మూడైతే ఏంటి, ముప్ఫై అయితే ఏంటన్నా? మీటు ముందు!"

థర్మన్ తన ఇంట్లోంచి వైరూ స్పీకరు డబ్బా తెచ్చి గిటార్‌కి తగిలించాడు. గుయ్‌మని చప్పుడు లేచింది. ఓడెల్ ఎడమచెయ్యి తనంతట తనే తీగల మీదికి పోయింది. కీళ్ళ నొప్పులతో వంకర తిరిగిన వేళ్ళు, అయినా చోటు తప్పలేదు. ఒక్కసారి మీటాడు. గది నిండిపోయింది.

"ఓరి దేవుడో! నీకు వచ్చా?" థర్మన్ నోరు తెరిచాడు.

వంటింట్లో కత్తి ఆగిపోయింది. ఓడెల్ గబుక్కున వైరు పీకేశాడు.

"ఒకప్పుడు వచ్చేది," అని ఫోన్ అందుకున్నాడు.

గిటార్ కొట్టులో అమ్మాయి ఓపికగలది. ఉండండి, ఫ్యాక్టరీవాళ్ళని కనుక్కుంటానంది. అచ్చంగా దింపారని కంపెనీ మరీ మరీ చెప్పుకుంటే ఓడెల్ నమ్మాడు. ఆశ పెట్టుకోకూడదని తెలిసీ పెట్టుకున్నాడు.

"మీరన్నదే నిజం సార్! అసలుదాని మీద మూడే. నాలుగైతే చూడ్డానికి నిండుగా ఉంటుందని ఒకటి కలిపారట. మీకంత ఇబ్బందైతే గాట్లే లేనిది పంపిస్తాం. అద్దంలా తళతళలాడుతూ ఉంటుంది."

"వద్దమ్మా! అది నాకెందుకు?" ఓడెల్ అరిచినంత పని చేశాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "వాళ్ళు కలిపింది ఆ నాలుగింట్లో ఏదో, అదొక్కటి చెప్పించు తల్లీ. నీకు పుణ్యముంటుంది."

చాలాసేపటికి జవాబొచ్చింది. "ఎక్కడా రాసిపెట్టుకోలేదట సార్. ఎవరో పనివాడు ఉలితో కొట్టాడంతే. సారీ."

థర్మన్ మెల్లగా లేచాడు. పెద్దాయనకి బొత్తిగా మతి పోయిందనుకుంటూ గుమ్మం దాటాడు.

ఓడెల్ గిటార్ని కిటికీ వెలుగులోకి తిప్పి చూశాడు. కళ్ళు మూసుకుని చూశాడు. అమ్ముకోక ముందు ఆ అంచుని తను వేలసార్లు తుడిచాడు. అయినా గుర్తు రావడం లేదు. నలభై తొమ్మిదేళ్ళు మరి! తన మీద తనకే అసహ్యం వేసింది.

పిలవకుండానే ఎర్లీన్ వచ్చింది, చేతులు తుడుచుకుంటూ.

"వెనక్కి పంపేద్దాం," అన్నాడు తలెత్తకుండా. "ఒకటి ఎక్కువ కొట్టారట. ఏదో వాళ్ళకీ తెలీదు. నాకూ తెలియడం లేదు."

ఆవిడ పక్కనే కూర్చుంది. చూపుడువేలు అంచు మీద పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా జరిపింది.

"మూడు పళ్ళతోనే వెళ్ళిపోయిన మన పాప కొరికినవి, ఈ నాలుగింట్లో ఏవయ్యా?"