పిల్లి చెప్పే కబుర్లు

"అటెల్లకుండా సూడు సోనీ. దీన్ని మాకవరపాలెం పొలాల్లో దిగబెట్టీసి వత్తేగానీ పనికెల్లను," అంటూ స్టాన్లీ గోనెసంచితో మంచం కింద దూరాడు.

సోనీ ఏడుపు ఆపుకుంది. పొద్దున్నుంచి ఆ పిల్లి చేపల కూర బోర్లించింది, ఉతికిన దుప్పటి తడిపింది. మంచం మీద అత్త లూర్దు మేరీకి పక్షవాతం వచ్చి వేసవి నుంచీ మాట లేదు. ఇద్దరికీ శుభ్రం చేసి చేసి సోనీకి ఓపిక చచ్చిపోయింది.

పిల్లి ఒక్క ఉరుకున మంచమెక్కి, గ్లాసులోని జావ ముసలావిడ గుండెల మీద ఒలకబోసి, ఆవిడ చంకలో దూరింది. స్టాన్లీ దాని మెడ పట్టుకున్నాడు.

"ఒగ్గీరా."

ఇద్దరూ గుమ్మం వైపు చూశారు. అక్కడెవరూ లేరు.

"దాన్నొగ్గీరా," అంది లూర్దు మేరీ, వంకరపోయిన పెదవులతో. "నాతో కబుర్లాడతాది."

స్టాన్లీ చేతిలోంచి సంచి జారింది. ఇక మాట రాదని డాక్టరు చెప్పిన నాటి నుంచి, ఆవిడతో మాట్లాడటం తామే మానేశామని సోనీకి అప్పుడు తట్టింది.

మంచం అంచున కూర్చుని, ఆవిడ మెడ మీది జావ తుడుస్తూ మెల్లగా అడిగింది.

"ఏటి సెప్తాదత్తా?"

"నీ మీద... సాడీలు."