మల్లెపూల థిన్నర్

పాలిష్‌లో కలిపే థిన్నర్ కంపు కొట్టకూడదని చట్టం వచ్చి పదేళ్లయింది. ఇప్పుడు డబ్బా మూత తీస్తే ఇల్లంతా మల్లెతోటే.

తలుపులకు పాలిష్ పెట్టే సూరప్పడు పాత రోజుల్లో ముక్కు మండగానే కిటికీలన్నీ బార్లా తెరిచేవాడు. కంపు తలకెక్కితే బ్రష్ పారేసి బయటికి వచ్చేసేవాడు. అంతా ముక్కు చెప్పినట్టే నడుచుకునేవాడు. ఇప్పుడు ముక్కు ఏమీ చెప్పడం లేదు.

మొన్న ముసురు పట్టిందని గదిలోనే పాలిష్ పెట్టాడు. పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న భార్య పైడమ్మ, "కిటికీ ఎయ్యి మావా, వోసనంతా ఈదిలోకి పోతంది," అంది.

"ఏటే, కొత్త పెళ్లికూతురివనుకున్నావేటి?" అంటూనే గడియ పెట్టాడు. వెళుతూ వెళుతూ గుమ్మం సందులో గోనెపట్టా కూడా కుక్కి, టీ తేవడానికి పోయాడు.

తిరిగొచ్చేసరికి ఆమె నవ్వుమొహంతోనే గోడకు ఒరిగిపోయి ఉంది.

"వాసన మార్చారు గాని మత్తు మార్చలేదయ్యా," అన్నాడు డాక్టరు. పైడమ్మ బతికింది. ముక్కుకు మాత్రం ఇక ఏ వాసనా తెలియదు.

నిన్న సాయంత్రం సూరప్పడు మూరెడు మల్లెలు తెచ్చి ఆమె కొప్పులో తురిమాడు.

"వోసనొస్తందా మావా?" అని అడిగింది.

అతను లేచి వెళ్లి కిటికీ రెక్కలు రెండూ తెరిచాడు.