ఊట మీద మండపం

కార్తీకంలో వనభోజనాలంటే శృంగవరపుకోటలో రైసుమిల్లు గణపతిరావు పేరే ముందు చెప్పేవారు. ఎవరూ చెప్పకపోతే ఆయనే చెప్పుకునేవాడు.

అరవై ఎనిమిదిలో మిల్లు లారీలో బంధుజనాన్నీ మైకుసెట్టునీ వేసుకుని రిజర్వు అడవిలో కొండ ఊట దగ్గర దిగాడు.

ఈసారి తిండి ఒక్కటే కాదు పని. ఆ ఊట మీద తండ్రి పేరున మండపం కట్టి తీరాలని ఆయన పంతం. కింది ఊరివాళ్లు తాగేదీ, మడులకు పారించుకునేదీ ఆ నీళ్లే. ఆ ఊరి పెద్ద సరేనంటేనే కట్టనిస్తానని ఫారెస్టు ఆఫీసరు తేల్చేశాడు.

అందుకే పెద్దని తీసుకురమ్మని గార్డు లక్ష్ముణ్ణి పంపి, మొదటి విస్తరి వేయించి, పట్టుపంచె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. తలపాగా కనబడగానే ఎదురెళ్లాలని చూపంతా దారి మీదే.

తలపాగా రాలేదు. మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టిన ఓ ముసలామె వచ్చింది.

వంటవాళ్లు మసి గుండిగలు ఊటలోనే తోముతున్నారు.

"అందులో తోమొద్దని సెప్పు బాబూ. కింద మేం తాగే నీరది," అంది.

గణపతిరావుకి ఒళ్లు మండింది.

"అడవి నీ అబ్బ సొమ్మేటే? కూటికొచ్చినదానివి కూటికొచ్చినట్టుండు."

"కూటికి రాలేదు బాబూ. సూసెల్దామని వచ్చినాను."

"సూశావు కదా. దూరంగా కూకో. అందరూ తిన్నాక మిగిల్తే పెడతారు."

బంధువులు నవ్వారు. ఆయన పెట్టే అన్నం తింటూ నవ్వక ఏం చేస్తారు.

ముసలామె ఊటలోకి దిగి, తేలుతున్న మెతుకుల్నీ మసినీ చేతుల్తో ఒడ్డుకి తోసి, కొండ దిగిపోయింది. ఎంగిలి విస్తళ్లు దొరకలేదని అలిగిందన్నాడు గణపతిరావు. దానికీ నవ్వారు.

భోజనాలయ్యాయి. పొద్దు వాలింది. అప్పుడొచ్చాడు లక్ష్ముడు, ఆయాసపడుతూ, ఒక్కడే.

"ఏరా, మీ పెద్దకి మర్యాద తెలీదేటి? ఇంతమందిమి కాసుక్కూసున్నాం."

తను ఊళ్లోకి వెళ్లేసరికే పెద్ద అడ్డదారిన బయల్దేరిపోయిందనీ, తిరిగొస్తుంటే ఎదురుపడిందనీ, మండపం వద్దని చెప్పమందనీ నసిగాడు లక్ష్ముడు.

"ఎదురుపడిందా? ఎవర్తిరా?"

"దాలమ్మండి బాబూ. మొగుడు పోయిన కాణ్ణుంచి ఆ ఊరికి పెద్ద ఆవిడే. ఊరంతా వద్దంటే, తండ్రి పేరు నిలుపుకుంటానంటన్నాడు, అడ్డమెందుకని మీ తరపున మాటాడింది ఆవిడొక్కర్తే."