ఆరు బెల్టులు

“ఎనిమిది బెల్టులున్న వ్యాన్ మనకొద్దు,” అన్నాడు విశాల్, దాని తలుపు కూడా తీసి చూడకుండానే.

“ఎందుకొద్దు? రెండు కుటుంబాలు. లెక్కకి ఎనిమిది మందిమి,” అంది మృదుల.

ఎందుకొద్దో భార్యకి చెప్పే ధైర్యం విశాల్‌కి లేదు. ఆ ఎనిమిదో బెల్టు తోడల్లుడు నీరజ్ పొట్ట మీద బిగుస్తుంది. అదీ సంగతి.

ఆ నీరజ్ నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆయన భార్య స్పందన, అంటే మృదుల అక్క, వంగి టైర్లు చూస్తోంది. టెక్సస్‌లో తాముండే ఇర్వింగ్ నుంచి ఇంత దూరం పాత బళ్ళ కోసం రావడం ఎంత తెలివితక్కువ పనో నీరజ్ ఆకాశానికి చెబుతున్నాడు. చెప్పేది ఆకాశానికే అయినా, తగలాల్సింది విశాల్‌కి.

తోడల్లుళ్ళిద్దరికీ మాటలు లేవు. పోయిన నవంబర్లో థాంక్స్‌గివింగ్ పండక్కి అందరూ కలిసి ఊరి బయట క్యాబిన్ అద్దెకి తీసుకున్నారు. విశాల్ ఓపిగ్గా మసాలా పట్టించి నానబెట్టుకున్న చికెన్‌ని, అతను స్నానానికి వెళ్ళొచ్చేలోగా నీరజ్ గ్రిల్ ఎక్కించేశాడు. ఎక్కించినవాడు ఊరుకోక మాడ్చాడు. ఇదేమిటని అడిగితే, “నీ మసాలాలోనే ఏదో తేడా ఉంది తమ్ముడూ,” అన్నాడు. విశాల్ మాత్రం తక్కువ తిన్నాడా? ఇన్నేళ్ళుగా నీరజ్ మేనేజర్ ఎందుకు కాలేకపోయాడో ఆయన పిల్లల ముందే వివరించి చెప్పాడు. తిరుగు ప్రయాణంలో రెండు కార్లలోనూ ఏడుపులే. ఆ రోజు నుంచి ఒకరి మాట ఇంకొకరికి చేరాలంటే మధ్యలో పెళ్ళాలుండాలి.

జూన్‌లో పిల్లలకి సెలవులు. స్పందన ఇంట్లో ఫ్లోరింగ్ అంతా పీకేసి కొత్తది వేయిస్తున్నారు. పది రోజులు ఆ ఇంట్లో కాలు పెట్టడానికి లేదు. అందుకని అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి పాత క్యాంపర్ వ్యాన్ ఒకటి కొని, అందులో యెల్లోస్టోన్ పార్కుకి వెళ్ళాలని ప్లాన్ చేశారు.

“ఒక్కటే కండిషన్. ఈసారి వ్యాన్‌లో గొడవ పడేవాళ్ళు ఉండకూడదు,” అని మృదుల ముందే చెప్పింది.

ఆ మాటకి విశాల్‌కి ప్రాణం లేచొచ్చింది. నీరజ్‌ని వదిలించుకునే దారి భార్యే చూపించిందనుకున్నాడు.

సేల్స్‌మన్ వాళ్ళని రెండో బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. డ్రైవర్ సీటుకి పైన ఒక పరుపు, వెనక ఒక పరుపు, భోజనాల బల్ల మడిస్తే ఇంకో పరుపు. ఆరుగురు హాయిగా పడుకోవచ్చు. బెల్టులూ ఆరే.

“పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని సర్దుకుందాంలే అనుకోకండి. ఎన్ని బెల్టులో అంతమందే,” అన్నాడు సేల్స్‌మన్. ఇండియన్ కస్టమర్లు ఆయనకి కొత్త కానట్టుంది.

విశాల్ లెక్క వేసుకున్నాడు. తను, మృదుల, తమ పిల్లలిద్దరు, స్పందన పిల్లలిద్దరు. ఆరు. స్పందనా నీరజూ వెనకాల కార్లో దుమ్ము తింటూ వస్తారు. పాపం స్పందన. కానీ తప్పదు.

“ఇది బాగుంది,” అన్నాడు.

“స్పందనా, ఇదే బాగుంది,” అన్నాడు అదే క్షణంలో నీరజ్. “ఆ పెద్దది లారీలా ఉంది. ఎవడు పార్క్ చేస్తాడు?”

ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెమనే మనుషులు ఒకే మాట మీదికి రావడం చూసి అక్కచెల్లెళ్ళు మొహాలు చూసుకున్నారు.

“మరి మిగతా ఇద్దరూ?” అంది స్పందన.

“కార్లో వస్తారు,” అన్నారు తోడల్లుళ్ళిద్దరూ, ఒకరి వైపు ఒకరు కన్నెత్తకుండా.

“తర్వాత మాట మార్చరుగా? ఇద్దరికీ ఆరు చాలు కదా?” మృదుల గుచ్చి గుచ్చి అడిగింది.

“చాలు,” అన్నారు.

అక్కచెల్లెళ్ళు వ్యాన్ ఎక్కారు. ఒక్కో బెల్టూ లాగి పెట్టి, తీసి చూశారు. వెనక పరుపు మీద పక్కపక్కనే పడుకుని, సరిపోతుందని నవ్వుకున్నారు. తర్వాత సేల్స్‌మన్‌ని ఎక్కించుకుని టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళిపోయారు.

టెక్సస్ ఎండ మాడ్చేస్తోంది. ఆ ఆవరణ మొత్తానికి నీడలో ఒకటే బెంచీ. విశాల్ ఒక చివర, నీరజ్ ఇంకో చివర.

“కొంతమందికి వెనకాల కారే నయం. దారి పొడుగునా మసాలాలు నూరుకోవచ్చు,” అన్నాడు నీరజ్, ఫోన్‌లోకి చూస్తూ.

“కొంతమందికి ముందు నడిచే రాత ఎలాగూ లేదు. ఆఫీసులో అలవాటే,” అన్నాడు విశాల్, పార్కింగ్ లాట్‌లోకి చూస్తూ.

నీరజ్ పళ్ళు పటపట కొరికాడు. విశాల్‌కి చల్లటి మజ్జిగ తాగినట్టయింది. ఈ మనిషి పక్కన ఇంకో పది నిమిషాలు కూర్చుంటే ఎవరో ఒకరు జైలుకి పోవడం ఖాయమనిపించింది.

వ్యాన్ తిరిగొచ్చింది. డ్రైవింగ్ సీట్లో స్పందన ఉంది, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని. దిగీ దిగగానే అక్కచెల్లెళ్ళిద్దరూ ఆఫీస్‌లోకెళ్ళి సంతకాలు పెట్టేశారు. తాళాల గుత్తి మృదుల వేలికి వేలాడుతూ బయటికొచ్చింది.

విశాల్ ఆగలేకపోయాడు. నీరజ్‌కి వినపడేలా గొంతు పెంచి మరీ అడిగాడు.

“ఇంతకీ మీ బావగారు ఏ కార్లో వస్తారట?”

“బావగారూ రావట్లేదు, నువ్వూ రావట్లేదు, నేనూ అక్కా, పిల్లలు నలుగురూ కలిసి ఆరుగురం యెల్లోస్టోన్ వెళ్ళొచ్చేదాకా, ఆయన మనింట్లో నీతోనే ఉంటారు.”