సగం ఎందుకు సార్

"సగం ఎందుకో మళ్ళీ చెప్పండి సార్" అంది సాయిశ్రీ.

అనంతకృష్ణకి ఒళ్ళు మండింది. త్రిభుజం భూమిని ఎత్తుతో గుణించి సగం చేస్తే వైశాల్యం వస్తుందని ఆ సాయంత్రం ఎన్నిసార్లు చెప్పాడో అతనికే గుర్తులేదు. చెప్పడానికి విసుగు లేదు. ఇరవై ఏళ్ళుగా బళ్ళో చెబుతున్నదే. కానీ తొమ్మిదో తరగతి చదివే ఈ పిల్లకి ఆ సంగతి శుభ్రంగా వచ్చు. ఏ లెక్క ఇచ్చినా అతను బొమ్మ గీయడం పూర్తయ్యేలోపే జవాబు చెప్పేస్తుంది. చెప్పేసి, గోళ్ళరంగు గీక్కుంటూ, ఏమీ తెలియని మొహం పెట్టి మళ్ళీ చెప్పమంటుంది. పైగా కాస్త గట్టిగా చెప్పమంటుంది.

ఆటపట్టిస్తోందని అతనికి మొదటి వారంలోనే అర్థమైంది.

వన్ టౌన్‌లో కింద చీరల దుకాణం, పైన కాపురం. బండి ఎక్కడో దూరంగా పెట్టి, తోపుడుబళ్ళ మధ్యనుంచి నడిచి, చీరల మూటలు దాటుకుంటూ మెట్లెక్కాలి. మెట్లు ఎక్కినంతసేపూ గంజి వాసన. ఆ వాసనకే అతనికి సగం ఓపిక పోయేది. అమ్మాయి లెక్కల్లో బాగా వెనకబడిందని, ఎలాగైనా రావాలని సాయిశ్రీ తల్లి రాజేశ్వరి ఫోన్లో బతిమాలితే ఒప్పుకున్నాడు. తీరా వచ్చి చూస్తే వెనకబడడం మాట అటుంచి, తన బళ్ళో ఈ పిల్లకి సాటి వచ్చేవాళ్ళే లేరు. డబ్బున్నవాళ్ళ గొప్పలు, ఇంటికి మాస్టారు వస్తున్నాడని నలుగురికీ చెప్పుకోవాలి కాబోలు అనుకున్నాడు.

అంతకన్నా రోత పుట్టించింది ఆ కర్టెన్.

పాఠం చెప్పే హాలుకీ వంటింటికీ మధ్య కర్టెన్ ఉంది. అతను పుస్తకం తెరవగానే వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోతుంది. కర్టెన్ కింద రెండు పాదాలు వచ్చి నిలబడతాయి. పాఠం అయ్యేదాకా కదలవు. ఎందుకో అతనికి తెలుసు. ఆడపిల్లకి పాఠం చెప్పే మగవాడి మీద కాపలా. ఆ పిల్ల వయసు కూతురు తనకీ ఉంది.

ఆ ఇంట్లో అతనికి కాస్తో కూస్తో నచ్చింది నాయనమ్మ వెంకటరావమ్మ ఒక్కతే. హాల్లోనే మంచం మీద కూర్చుని టీవీ చూస్తూ, మధ్యమధ్య కోడల్ని కేకేసేది. ఆ కేకకి పాదాలు మాయమయ్యేవి. ఆవిడ మళ్ళీ టీవీలో పడగానే తిరిగొచ్చేవి.

ఆవేళ సగం ఎందుకో మళ్ళీ చెప్పాడు. కాగితంతో ఒకేలాంటి త్రిభుజాలు రెండు కత్తిరించి, ఒకదాన్ని తిరగేసి రెండోదాని పక్కన చేర్చి చూపించాడు. రెండూ కలిస్తే సమాంతర చతుర్భుజం, అందులో సగం మనది. తర్వాత ఒక మూల బాగా విచ్చుకున్న త్రిభుజం గీశాడు. దీనికి ఎత్తు బొమ్మ బయట పడుతుందని, భూమిని పొడిగించి లంబం గీయాలని చెప్పాడు.

కర్టెన్ వెనకనుంచి గొంతు వినిపించింది. "బయట పడ్డ ఎత్తుతో లోపలి వైశాల్యం ఎట్టా వస్తదండీ?"

"నీకెందుకే అయ్యన్నీ? పొయ్యి మీద ఏవుందో చూసుకో" అంది వెంకటరావమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

"నాకూ అదే డౌట్ సార్" అంది సాయిశ్రీ గబుక్కున. అబద్ధమని మొహమే చెబుతోంది.

అనంతకృష్ణ పుస్తకం మూసేశాడు. తల్లీకూతుళ్ళు కలిసి తనని కోతిని ఆడించినట్టు ఆడిస్తున్నారు.

"చూడండమ్మా" అన్నాడు కర్టెన్ వైపు తిరిగి. "పరీక్ష రాసేది మీరు కాదు. మీ అమ్మాయికి నా అవసరం లేదు. నమ్మకం లేనిచోట నేను పాఠం చెప్పలేను."

రాజేశ్వరి బయటికొచ్చింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఒకసారి అత్తగారి వైపు చూసి, గొంతు తగ్గించింది. "తప్పుగా అనుకోకండి మాస్టారూ. వైశాల్యాలు అయిపోయేదాకా రండి. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆ గుసగుస అతనికి మరీ ఎబ్బెట్టుగా తోచింది. లేచి మెట్లు దిగాడు. సాయిశ్రీ వెనకే పరిగెత్తుకొచ్చింది.

"మీరు రాకపోతే ఎట్టా సార్?" కళ్ళనిండా నీళ్ళు.

నటన కూడా నేర్పారన్నమాట అనుకున్నాడు. మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. ఫోన్లు వస్తే ఎత్తలేదు. ఆ ఇల్లు గుర్తొచ్చినప్పుడల్లా ముక్కుకి గంజి వాసన తగిలినట్టుండేది.

ఎండలు ముదిరాక ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్షలకి అతన్ని ఇన్విజిలేటర్‌గా గన్నవరం వేశారు. ఆ రోజు లెక్కల పేపరు; మనుషులు చాలక, లెక్కల మాస్టారైనా అతన్నే ఉంచారు. ఎప్పుడో బడి మానేసి, ఇప్పుడు ప్రమోషన్ కోసమో పెళ్ళి కోసమో సర్టిఫికెట్ కావాలనుకునే వాళ్ళకి కాపలా కాయడమంటే అతనికి మహా చిరాకు. ఉక్కపోతలో ప్రశ్నపత్రాల కట్ట పట్టుకుని గదిలోకి అడుగుపెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఒకాయన హాల్ టికెట్‌తో విసురుకుంటున్నాడు. ఇంకొకాయన ముందు బెంచీ మీదికి కాళ్ళు చాపాడు. బడితోపాటు మర్యాద కూడా మానేశారని మొహం చిట్లించుకున్నాడు.

అప్పుడు, తరగతిలోకి మాస్టారు రాగానే పిల్లలు లేచినట్టు, చివరి బెంచీలోంచి హాల్ టికెట్ పట్టుకుని ఒకే ఒక్క మనిషి లేచి నిలబడింది, సాయిశ్రీ వాళ్ళమ్మ రాజేశ్వరి.