నవాబు పథ్యం

సోమవారం పొద్దున్నే చూస్తే నవాబు పొట్ట నిమ్మకాయంత ఉబ్బి ఉంది.

లింగమూర్తి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. అనుమానం లేదు. నిన్న సాయంత్రం దాకా చలాకీగా తిరిగిన బంగారు చేప, ఇవాళ తొట్టి అడుగున బరువుగా కదులుతోంది.

"కావ్యా! జర ఇటు రామ్మా. నవాబుకు ఏమో అయింది!"

ఆఫీసుకు తయారవుతున్న కోడలు దువ్వెన చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. తొట్టి ముందు వంగింది. ఫోన్ తీసి ఏదో చదివింది.

"అజీర్ణంలా ఉందండీ మామయ్యగారూ. ఎక్కువ తింటే చేపలకి పొట్ట ఇలాగే ఉబ్బుతుందట. అశ్రద్ధ చేస్తే ప్రాణానికే ముప్పట. ఇంతకీ ఏం పెడుతున్నారు దీనికి?"

లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు. కొడుకు మహేశ్, కోడలు ఆఫీసులకు వెళ్లిపోయాక ఆ నల్లగండ్ల ఫ్లాట్‌లో ఆయనకు నవాబు, నవాబుకు ఆయన. తన నోట్లోకి ఏది పోతే అందులో చిటికెడు తొట్టిలోకీ పోయేది. కారప్పూస, బజ్జీ పైపొర, ఒకసారైతే జిలేబీ ముక్క.

"మనం తినేటిదే... గింతంత."

కావ్య ఫోన్ పక్కన పెట్టింది. ఆయన తిండి గురించి అనాల్సిందంతా ఇంట్లో అప్పటికే అయిపోయింది. షుగరు హద్దు దాటింది, ఇలాగే తింటే గుండె ఎంతోకాలం మోయదు అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. మహేశ్ అరిచాడు, అలిగాడు. కావ్య కళ్లనీళ్లు పెట్టుకుంది. లింగమూర్తి అందరికీ ఒకటే జవాబు ఇచ్చాడు. "నాకేమైతది? మస్తుగున్న."

ఇప్పుడు మాత్రం ఆయన మొహం వాడిపోయింది.

"దవాఖానకు తీస్కపోదామా?"

"అక్కర్లేదండీ. ముందు రెండు మూడు రోజులు పస్తు ఉంచాలి. తర్వాత పచ్చి బఠాణీ ఉడకబెట్టి, తొక్క తీసి, నలిపి పెట్టాలి. ఉప్పు, నూనె తగలకూడదు. నీళ్లు శుభ్రంగా ఉండాలి. మీరే చూసుకోవాలి మరి."

"నేనే చూస్కుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

తొట్టి భోజనాల బల్ల పక్కనే ఉంది. ఆ సాయంత్రం లింగమూర్తి కింది కొట్టు నుంచి వేడివేడి మిర్చి బజ్జీలు తెచ్చుకుని కూర్చున్నాడు. నవాబు అద్దానికి మూతి ఆనించి, నోరు తెరుస్తూ మూస్తూ ఆయన్నే చూసింది. తీసిన బజ్జీ చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వు పస్తుండంగ నేనెట్ల తింటరా?"

పొట్లం చుట్టి వాచ్‌మన్‌కు ఇచ్చేశాడు. రాత్రి ఒక జొన్న రొట్టె, సొరకాయ కూరతో సరిపెట్టాడు. అది కూడా తొట్టికి వీపు పెట్టి.

పస్తులు ముగిశాయి. బఠాణీలు తాజావే కావాలని లింగంపల్లి మార్కెట్‌కు బయలుదేరాడు. షేర్ ఆటో నిండేదాకా ఆగే ఓపిక లేక నడిచే వెళ్లాడు. అదే అలవాటైంది. నవాబుకు ఒక్క గింజ చాలు. మిగతావి పారేయడానికి మనసొప్పక, ఉప్పు లేకుండానే తను తినేవాడు. బకెట్‌తో నీళ్లు మోసి తొట్టిలో మార్చేవాడు.

అయినా పొట్ట తగ్గలేదు. ఒక మధ్యాహ్నం నవాబు మూలన కదలకుండా ఉండిపోయింది. లింగమూర్తి కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు. అన్నం సంగతే మరిచిపోయాడు.

"నువ్వు వోతే పగటిపూట నాతోని మాట్లాడేటోడు ఎవడున్నడు చెప్పు?"

ఆదివారం నాడు కావ్య చీర కొంగు దోపుకుంది.

"తొట్టి మొత్తం కడిగేస్తానండీ. ఈలోగా మీరు బఠాణీలు తెచ్చేయండి."

ఆయన సంచీతో తిరిగొచ్చేసరికి తొట్టి మెరిసిపోతోంది. నవాబు కూడా. పొట్ట సగానికి సగం తగ్గింది!

"అరే మహేశూ! ఉరికి రారా! బఠాణీల తడాఖా చూడు!"

"అవును నాయినా, మస్తు తగ్గింది" అంటూ మహేశ్ దగ్గు వచ్చినవాడిలా అటు తిరిగాడు.

లింగమూర్తికి హుషారు పుట్టింది. ఇక పథ్యం మానేదే లేదన్నాడు. రోజూ నడక, రోజూ బఠాణీ. ఇంట్లో పకోడీలు వేస్తామంటే, "దాని ముందల అవన్నీ వద్దు, ఆశ పుడ్తది" అని కసిరాడు. మరి కొన్ని వారాలు గడిచాక, మళ్లీ ఒక ఆదివారం కావ్య తొట్టి కడిగింది. బజారు నుంచి వచ్చిన లింగమూర్తి గుమ్మంలోనే నిలబడిపోయాడు. సన్నటి నడుముతో, తోక విదిలించుకుంటూ పాత నవాబు!

ఆ వారమే మహేశ్ ఆయన్ని పరీక్షలకు తీసుకెళ్లాడు. డాక్టరు రిపోర్టు ఒకసారి చదివి, పేరు సరిచూసుకుని, మళ్లీ చదివాడు.

"షుగరు దారిలో పడింది. బరువు తగ్గారు. ఏం చేశారండీ?"

"నేనేం జెయ్యలే సార్" అన్నాడు లింగమూర్తి, జారుతున్న ప్యాంటు పైకి లాక్కుంటూ. "మా చేపను బతికించుకున్న. గంతే."

ఇంటికి రాగానే చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా తొట్టి దగ్గరికి వెళ్లి, అద్దం మీద చెయ్యి ఆనించాడు.

"నవాబూ, ఇద్దరం బయటవడ్డంరా."

అదే వేళకు, నానక్‌రామ్‌గూడలో కావ్య ఆఫీసు రిసెప్షన్‌లో, అసలు నవాబు ఇన్నాళ్లూ విడిది చేసిన పెద్ద గాజు తొట్టిలో, మొదట నవాబు పేరుతో పస్తులుండి వచ్చిన లావు చేప, దాని తర్వాత డ్యూటీకి వెళ్లొచ్చిన నడిమి చేప పక్కన చేరి, పుట్టుకతో వచ్చిన బొజ్జను ఊపుకుంటూ హాయిగా ఈదుతోంది.