బాపు మోపెడ్

"ఇంజన్ల ఇసుక వోసి బాపును చంపినవ్! ఇప్పుడు రిపేర్ చేపిస్తవా?"

స్వామి విసిరిన పానా తమ్ముడు బక్కయ్య నుదుటిని చీల్చింది. అయినా ఆగక, స్వామి అతని గొంతు పట్టుకుని షాపు గోడకేసి కొట్టాడు.

"జర ఆగుండ్రి!" మెకానిక్ బద్రుద్దీన్ విప్పిన పాత మోపెడ్ ఇంజన్‌ను ముందుకు తోశాడు. "గిండ్ల ఇసుక లేదు. ఆయిల్ కలపకుంట ఉత్త పెట్రోల్ వోసిండ్రు. పిస్టన్ పట్టేసింది. గందుకే ఎల్దుర్తి రోడ్డు మీద చక్రం ఆగి, మీ బాపు లారీ కింద వడ్డడు."

స్వామి చేతులు వదులయ్యాయి. ఆ పొద్దున బాపు బండికి పెట్రోల్ పోయించుకొచ్చింది తనే.

"ఎవరు వోసిండ్రు?" అడిగాడు బద్రుద్దీన్.

స్వామి నోరు తెరిచాడు.

"నేనే భాయ్," కళ్లలోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ బక్కయ్య అన్నాడు. "ఇగ బిగియ్యి."